పేటలు కట్టిన ప్రభువు

మాది జగ్గయ్యపేట అని చెప్పగానే హాస్టల్లో మా నాన్నగారిని అందరూ అడిగే ప్రశ్న ఒకటుండేదట: ఎవరయ్యా ఆ జగ్గయ్య, సినిమా జగ్గయ్యేనా అని. నన్ను ఆ ప్రశ్న కూడా అడిగేవాళ్ళు లేరు. ఇప్పటి మిత్రులకు ఆ జగ్గయ్యా తెలీదు, ఈ జగ్గయ్యా తెలీదు. నిజం చెప్పొద్దూ, మా ఊళ్ళో పుట్టి పెరిగినవాళ్ళలోనే చాలామందికి ఊరిపేరు ఎవరిదో పట్టదు. తమాషా ఏమిటంటే, ఊరికి పేరిచ్చిన ఆ పెద్దమనిషి ఈ పేటను కంటితో చూడనే లేదు. ఆయన పోయిన ఎన్నో ఏళ్ళకు, బేతవోలు అనే పాత ఊరి పక్కన కొడుకు పేట కట్టించి తండ్రి పేరు పెట్టాడు. ఆ కొడుకే రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు.

మిత్రులారా! ఈ సంచికలో నాయకుల జీవితాలు, కవుల జీవితాలు మీరు చదివే ఉంటారు. ఒక కట్టడాల మనిషి జీవితం చెప్పాలని నాకు చాలాకాలంగా కోరిక. అతడు శిల్పి కాడు, ఈనాటి అర్థంలో ఆర్కిటెక్టు అంతకన్నా కాడు, చేత్తో ఒక ఇటుక పేర్చి ఎరగడు. అయినా కృష్ణకు ఇరువైపులా అతని చేతి గుర్తు లేకుండా నాలుగు మైళ్ళు నడవడం కష్టం. గుర్తులన్నీ మెచ్చుకోదగ్గవేనా అంటే, అదే చెప్పబోతున్నాను.

వేంకటాద్రి నాయుడు 1761లో పుట్టాడు. గోల్కొండ పాదుషాల కాలంలో నందిగామ పరగణా దేశ్‌ముఖీతో తలెత్తిన వంశం వాళ్ళది. తర్వాత కృష్ణకు ఆవలి ఒడ్డున ఉన్న చింతపల్లి వాళ్ళ రాజధాని అయింది. అతనికి ఊహ తెలియకముందే తండ్రి జగ్గన్న నిజాం వంశీకుల సేనల చేతిలో హతుడయ్యాడనీ, తల్లి అచ్చమ్మ సహగమనం చేసిందనీ చెబుతారు. జమీ కొంతకాలం బంధువుల చేతుల్లో నడిచి 1783లో అతని చేతికొచ్చింది. అప్పటికి వయసు ఇరవైరెండు. మనలో చాలామంది బి.ఏ. సర్టిఫికెట్టు పట్టుకుని బస్టాండులో నిలబడే వయసన్నమాట.

చేతికొచ్చిన జమీ చూడబోతే చిత్రమైనది. మధ్యలో కృష్ణ. ఉత్తరపు ఒడ్డు, అంటే మన నందిగామ వైపు, 1766 నుంచీ ఇంగ్లీషు కంపెనీ కింద ఉంది. దక్షిణపు ఒడ్డు గుంటూరు సర్కారు; అది 1788 దాకా కంపెనీకి దక్కలేదు. ఒక జమీందారు, ఇద్దరు ప్రభువులు, నడుమ ఒక నది. పడవ దాటితే శిస్తు కట్టవలసిన దొర మారిపోయేవాడు. ఇలాంటి చోట బతికి బట్టకట్టినవాడికి లౌక్యం ఎవరూ నేర్పక్కర్లేదు.

కంపెనీ రాజ్యం వచ్చాక జమీందారు కత్తికి పని తగ్గింది. కోటలు కట్టుకుంటే దొరలకు అనుమానం, సైన్యం పెంచితే తగాదా. రాజునన్న సంగతి లోకానికి ఎలా తెలపాలి? గుడి కట్టవచ్చు, ఊరు కట్టవచ్చు. ఆ దారినే వేంకటాద్రి నాయుడు పట్టాడని నా ఊహ. ఇందులో భక్తి లేదని కాదు. భక్తి, బడాయి, బుద్ధి మూడూ కలిసే ఉన్నాయి. మన ఇళ్ళలో పెళ్ళిళ్ళు చేసే తీరు చూసినవారికి ఇది వింతగా తోచదు.

పేట వెయ్యడమంటే ఏమిటో ఒక్క మాట. పల్లె తనంతట తాను పుడుతుంది, చెరువునో వాగునో చూసుకుని. పేట అలా కాదు, దాన్ని ఎవరో ఒకరు వెయ్యాలి. వ్యాపారస్తుల్ని పిలిచి స్థలాలివ్వాలి, కొన్నాళ్ళు పన్నుల బాధ లేకుండా చూడాలి, నూతులు తవ్వించాలి, గుడి నిలబెట్టాలి, సంత సాగనివ్వాలి. దారిదోపిడీలు లేవన్న నమ్మకం కలిగించాలి. వీటిలో ఒక్కటి లోపించినా కోమట్లు మూట కట్టుకుని మరో పేటకు పోతారు. జగ్గయ్యపేట బందరు నుంచి హైదరాబాదు పోయే దారిమీద, నిజాం రాజ్యపు సరిహద్దుకు కూతవేటు దూరంలో ఉంది. సరిహద్దు దగ్గర బజారు ఎప్పుడూ వట్టిపోదు. ఆ చోటు ఎంచుకున్నవాడు బండివాళ్ళ మనసు తెలిసినవాడు. ఈనాటికీ హైదరాబాదు లారీలు చిల్లకల్లు మీదుగా పోతుంటే నాకా మాటే గుర్తొస్తుంది. తండ్రి పేర జగ్గయ్యపేట వేసినట్టే తల్లి పేర ఆవలి ఒడ్డున అచ్చంపేట వేశాడు. ఊహ తెలియని వయసులో పోగొట్టుకున్న తల్లిదండ్రులు. వాళ్ళ ముఖాలు అతనికి ఏమాత్రం గుర్తున్నాయో! నదికి ఆ ఒడ్డున ఒకరిని, ఈ ఒడ్డున ఒకరిని నిలబెట్టాడు.

1790ల నడుమ అతడు చింతపల్లి వదిలేశాడు. కంపెనీవారితో శిస్తు తగాదాలు, సిపాయిల కాపలా, వీటితో విసిగి పాత కోట మీద రోత పుట్టిందంటారు. పూర్వం ధాన్యకటకం వెలసిన చోట, అమరేశ్వరుడి గుడి పక్కన, కొత్త రాజధానికి ముగ్గు పోశాడు. ఊరికి అమరావతి అని పేరు. వర్తకుల్ని, పనివాళ్ళని, పండితుల్ని రప్పించాడు. దేవీభాగవతం తెనిగించిన ములుగు పాపయారాధ్యులు అతని ఆస్థాన కవి. అమరేశ్వరాలయాన్ని బాగుచేయించి, తొమ్మిదిమంది అర్చకుల్ని నియమించి ఒక్కొక్కరికి పన్నెండేసి ఎకరాలు ఇచ్చాడని స్థలచరిత్ర. గర్భగుడిలో పెద్ద లింగం, చుట్టూ గాలి మండపాలు, కింద కృష్ణ. శివరాత్రికి వెళ్ళినవాళ్ళకు నేను వేరే చెప్పాలా!

ఇక్కడే చెప్పక తప్పని కథ ఒకటుంది. నాకు చెప్పాలని లేదు గానీ, మానేస్తే ఈ వ్యాసం భజన అవుతుంది.

జమీలో చెంచులు దోపిళ్ళు చేస్తున్నారని వేంకటాద్రి నాయుడు వాళ్ళని విందుకు పిలిచాడట. నమ్మి వచ్చారు. వచ్చినవాళ్ళని వచ్చినట్టే పట్టించి తలలు నరికించాడట. ఎంతమంది అన్నది చెప్పేవాళ్ళ నోటిని బట్టి మారుతుంది. వందలోపు అన్నవారిని మాత్రం నేను ఎరగను. అమరావతి దగ్గర నరుకుళ్ళపాడు అనే ఊరు ఇప్పటికీ ఉంది. పేరు అలా వచ్చిందనే అక్కడివాళ్ళ మాట. ఆ తర్వాత రాజుకు అన్నం ముందు కూర్చుంటే మెతుకులు పురుగులై కనబడేవనీ, మనశ్శాంతి పోయి శివుడి పాదాలు పట్టుకున్నాడనీ, అందుకే ఇన్ని గుళ్ళు కట్టించాడనీ జనం చెప్పుకుంటారు. గుళ్ళ లెక్క నూట ఎనిమిది అంటారు.

పురుగుల సంగతి నిజమో కాదో మనకెందుకు? ఒక పాలకుడు చేసిన పనికి జనం విధించిన శిక్ష అది. కంపెనీ కోర్టులో పడని శిక్ష కథలో పడింది. పశ్చాత్తాపం రాజుది కాబట్టి గుళ్ళై నిలబడింది. పోయినవాళ్ళ తాలూకు మిగిలింది ఒక ఊరి పేరు, అంతే. వాళ్ళ ఆడవాళ్ళు, పిల్లలు ఏమయ్యారో ఏ కథా చెప్పదు. అమరావతి గుళ్ళో గంట కొట్టిన ప్రతిసారీ ఇది తలుచుకోవాలని నేను అనను. తలుచుకోకూడదని మాత్రం ఎవరూ అనకూడదు.

రెండో సంగతి. దీనికి రాజుకు పాపం అంటగట్టడం న్యాయం కాదు గానీ, నష్టం మాత్రం కథలోది కాదు, కళ్ళెదుటిది. కొత్త ఊరు కట్టాలంటే రాయి కావాలి, ఇటుక కావాలి. ఊరి పక్కనే దీపాలదిన్నె అని ఒక పెద్ద మట్టిదిబ్బ ఉంది. తవ్వితే ఒక్కొక్కటి రెండు చేతులా ఎత్తేంత పెద్ద ఇటుకలు, పాలరాయి లాంటి తెల్లటి పలకలు, వాటినిండా బొమ్మలు. పనివాళ్ళకు పండగైంది. తవ్వినవి తవ్వినట్టు మెట్లకూ గోడలకూ పోయాయి. కొన్ని బట్టీల్లో కాలి సున్నమయ్యాయి. అది రెండు వేల ఏళ్ళనాటి మహాచైత్యం. శాతవాహనుల కాలంలో దేశదేశాల యాత్రికులు ప్రదక్షిణం చేసిన చోటు. ఆ సంగతి రాజుకు తెలీదు, పండితులకు తెలీదు, ఊళ్ళో ఎవరికీ తెలీదు. బుద్ధుడు అప్పటికి మన నేలమీద ఎవరికీ గుర్తులేని దేవుడు.

కబురు కల్నల్ కాలిన్ మెకంజీ అనే సర్వే దొర చెవిని పడింది. 1798 ప్రాంతంలో అమరావతి వచ్చి చూశాడు. మెకంజీ అనగానే మనవాళ్ళు కావలి సోదరుల్ని తలచుకోవాలి. ఏలూరు బొర్రయ్య, ఆయన తమ్ముడు లక్ష్మయ్య లేకపోతే ఆ దొరకు కైఫీయతులు లేవు, శాసనాలు లేవు. సరే, మెకంజీ తాను చూసినది 1807లో అచ్చు వేయించాడు. మళ్ళీ 1816 ప్రాంతంలో బొమ్మలు గీసేవాళ్ళను వెంటబెట్టుకుని వచ్చేసరికి దిబ్బ నడుమ గొయ్యి ఉంది. రాజు అక్కడ చెరువు తవ్వించే ప్రయత్నం చేశాడు. ఊరికి నీళ్ళు కావాలి, దిబ్బ ఎలాగూ తవ్వి ఉంది. అంతకంటే ఆలోచించడానికి అతనికి కారణం లేదు. మెకంజీ మనుషులు మిగిలినవాటికి పటాలు గీశారు. ఆ పటాలు ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి; చైత్యం రూపురేఖలు పండితులు ఊహించగలిగారంటే వాటి చలవే.

ఇక రాళ్ళు చేసిన ప్రయాణం చెబితే పెద్ద యాత్రాచరిత్ర అవుతుంది. కొన్ని బందరు మీదుగా కలకత్తా వెళ్ళాయి. 1830 ప్రాంతంలో రాబర్ట్‌సన్ అనే దొర కొన్నిటిని బందరు తీసుకుపోయి తాను వేసిన కొత్త పేటలో అలంకారంగా నిలబెట్టాడు. రాబర్ట్‌సన్‌పేట పేరు ఇంకా ఉంది. చూశారా, పేట వేసిన ప్రతివాడి చెయ్యీ ఆ దిబ్బ మీదికే పోయింది! 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించినవి మద్రాసు చేరి, చాలావరకు అక్కడినుంచి ఓడెక్కి లండన్ చేరాయి. ఇప్పుడవి బ్రిటిష్ మ్యూజియంలో. మిగిలినవి ఎక్కువగా మద్రాసు ఎగ్మూరులో. అందుకని మొత్తం తప్పు వేంకటాద్రి నాయుడి మీద వేసి మనం చేతులు కడుక్కోలేం. అతడు తెలియక తవ్వాడు, తెలిసినవాళ్ళు తెలిసే పట్టుకుపోయారు. అయినా మొదటి గునపం ఎవరిదీ అంటే జవాబు ఒకటే.

ఇంక మంగళగిరి గాలిగోపురం. అతని కట్టడాల్లో నాకు మహా ఇష్టమైనది ఇదే. 1807లో మొదలై 1809లో పూర్తయింది. పదకొండు అంతస్తులు, 153 అడుగుల ఎత్తు, వెడల్పు 49 అడుగులు. లెక్క చూడండి: వెడల్పుకు మూడింతలు దాటిన ఎత్తు. సిమెంటు లేదు, ఇనుప చువ్వ లేదు. ఉన్నవి రాయి, ఇటుక, సున్నం. ఆ రోజుల్లో సున్నపు గచ్చు గానుగలో ఆడి, కరక్కాయ నీళ్ళూ బెల్లం నీళ్ళూ పోసి కుదిర్చేవారని మేస్త్రీలు చెబుతారు. అది నానాలి, ఆరాలి, గట్టిపడాలి. అంత బరువు అంత కొద్ది నేలమీద రెండేళ్ళలో లేచిందంటే కింద నేల ఒకవైపు కుంగదా?

కుంగిందనే అంటారు. గోపురం పూర్తయ్యాక తూర్పుకు ఒరిగిందట. రాజు గుండె జారింది. కంచి నుంచి స్థపతుల్ని పిలిపించారు. వాళ్ళు గోపురాన్ని ముట్టుకోలేదు. ఎదురుగా ఒక కోనేరు తవ్వమన్నారు. తవ్వగా తవ్వగా గోపురం తనంతట తాను సర్దుకుని నిటారుగా నిలబడిందట.

ఈ కథను కట్టుకథ అని కొట్టేసేవాళ్ళను చూశాను. మా సివిల్ ఇంజనీరింగు మిత్రుడొకడు మాత్రం నవ్వకుండా కాగితం తీశాడు. ఇటలీలో పీసా గోపురం సంగతి తెలుసుగా! అది పడిపోతుందని భయపడి 1990లో మూసేశారు. చివరికి ఏం చేశారయ్యా అంటే, ఒరిగిన వైపు మోటు గుంజలు పెట్టలేదు. ఒరగని వైపు పునాది కింద మట్టి కొంచెం కొంచెంగా తీశారు. గోపురం కాస్త వెనక్కి వచ్చింది. 2001లో మళ్ళీ జనాన్ని ఎక్కనిచ్చారు. పక్కన మట్టి తీసినా, నీరు నిలిపినా పునాది నేల తీరు మారుతుందన్న ఎరుక కంచివాళ్ళకు ఉండి ఉండదని ఎందుకు అనుకోవాలి? కోనేరు ఏ వైపున, ఎంత దూరాన, ఎంత లోతున తవ్వారు, నేల ఎలాంటిది అన్నవి కొలవకుండా ఔననీ అనలేం, కాదనీ అనలేం అన్నాడు మావాడు. నాకు ఆ జవాబు నచ్చింది.

నాకింకొకటి కూడా నచ్చింది. రాజు తన పనివాళ్ళ తప్పును దాచెయ్యలేదు, కూల్చి మళ్ళీ కట్టమనలేదు, దేవుడి కోపమని హోమాలతో సరిపెట్టలేదు. తెలిసినవాళ్ళు ఎక్కడున్నారని అడిగి, అంత దూరానికి మనుషుల్ని పంపి రప్పించాడు. రప్పించినవాళ్ళు చెప్పిన వింత మాట విన్నాడు. పైసా పెట్టినవాడు పనివాడి మాట వినడం ఎంత అరుదో ఇల్లు కట్టించిన ప్రతివాడికీ, కట్టిన ప్రతి మేస్త్రీకీ తెలుసు. పాపం, ఆ స్థపతుల పేర్లు మాత్రం మనదాకా రాలేదు.

చేబ్రోలులో చతుర్ముఖ బ్రహ్మకు కోనేటి నడుమ కట్టించిన గుడి కూడా అతనిదే. బ్రహ్మకు గుడి ఉండదని అందరూ అనే దేశంలో, అదీ నీళ్ళ మధ్య! మొత్తానికి నీళ్ళంటే ఈ రాజుకు ఏదో పట్టుంది. చేబ్రోలులో కోనేరు గుడికి నెలవైంది. మంగళగిరిలో కోనేరు గోపురాన్ని కాచింది. అమరావతిలో తలపెట్టిన చెరువు మహాచైత్యం నడుమను తినేసింది. తవ్వించిన చెయ్యి ఒక్కటే.

1802లో శాశ్వత శిస్తు పద్ధతి వచ్చింది. ఏటా కట్టవలసిన సొమ్ము ఖాయమైంది గానీ, రాజు చేతి వాటం ఖాయం కాలేదు. 1816లో పోయాడు. కన్నకొడుకులు లేరు, పెంపుడు కొడుకులు జగన్నాథబాబు, రామనాథబాబు ఆస్తికోసం కోర్టుకెక్కారు. వ్యాజ్యం లండన్ ప్రీవీ కౌన్సిల్ దాకా పోయింది. తిరిగొచ్చేసరికి జమీ చిక్కి శల్యమైంది. ఊళ్ళు కట్టినవాడి ఇల్లు అలా ముక్కలైంది. ఊళ్ళు మాత్రం నిలిచాయి, ఎందుకంటే అప్పటికి అవి అతనివి కావు.

ఆ వంశంలోనివాడే మన ముక్త్యాల రాజా, వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వర ప్రసాద్ గారు. నందికొండ దగ్గర కృష్ణకు ఆనకట్ట కట్టాలని తన డబ్బు, తన కాలం పెట్టి తిరిగినవారు. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. నందిగామ, జగ్గయ్యపేట మెట్ట పొలాలకు ఈనాడు ఎడమ కాల్వ నీళ్ళొస్తున్నాయంటే అందులో ఆయన చెమట ఉంది. ఆయన కథ వేరే రాయాలి, ఇక్కడ ఒదగదు.

చివరగా మా ఊరి కొండ సంగతి చెప్పి ముగిస్తాను. జగ్గయ్యపేట పక్కన ధనంబోడు అని ఒక గుట్ట ఉంది. ధనం దొరుకుతుందని పేరు గానీ, ఊరివాళ్ళకు దొరికింది ఇటుకలూ రాళ్ళూ. అమరావతిలో రాజు చేసినదే ఇక్కడ రైతులు చేశారు. 1882లో జేమ్స్ బర్జెస్ వచ్చి చూస్తే అక్కడా ఒక స్తూపం, వ్యాసం సుమారు 31 అడుగులు. ఆయక స్తంభాల మీద ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి ఇరవయ్యో ఏటి శాసనం దొరికింది. ఆ స్తంభాలు నిలబెట్టినది రాజూ కాదు, రాణీ కాదు. సిద్ధార్థుడనే శిల్పాచారి. నాగచంద్రుడనే శిల్పాచారి కొడుకు. కమ్మరాష్ట్రంలోని నడతూరు అనే ఊరివాడు. తన నేల వదిలి వచ్చి, తన సొమ్ముతో ఐదు స్తంభాలు ఎత్తించి, తండ్రి పేరు, తన పేరు చెక్కించుకున్నాడు. మా ప్రాంతంలో ఒక కట్టడం పనివాడి పేరు మనదాకా వచ్చినది నాకు తెలిసి ఇదొక్కటే. ఆ గుట్ట చుట్టుపక్కల సున్నపురాయే ఇప్పుడు సిమెంటు ఫ్యాక్టరీల్లో పొడి అవుతోంది.

2022లో జిల్లాలు మార్చినప్పుడు నందిగామ, జగ్గయ్యపేట కృష్ణా జిల్లా నుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చాయి. అంతకుముందే, 2015లో, రాష్ట్ర రాజధానికి శంకుస్థాపన చేసి అమరావతి అనే పేరే పెట్టుకున్నారు. పోయినేడు మద్రాసు వెళ్ళినప్పుడు ఎగ్మూరు మ్యూజియం చూశాను. మా ధనంబోడు నుంచి వెళ్ళిన పలక మీద మాంధాత చక్రవర్తి చెయ్యెత్తి నిలబడ్డాడు. మబ్బుల్లోంచి నాణేలు రాలుతున్నాయి. చెక్కి రెండు వేల ఏళ్ళయి ఉంటుంది. చెక్కినవాళ్ళు ఆ కొండను వేలగిరి అనేవారు. బొమ్మల చరిత్ర రాసిన పండితులందరికీ మాత్రం అది జగ్గయ్యపేట పలక. అక్కడే నిలబడి అమ్మకు ఫోన్ చేసి, మన ఊరి పేరు ఇక్కడ రాసి ఉందమ్మా అన్నాను. ఎవరు రాశారురా అంది.